‘మాకు అలవాటే మేడమ్’ అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు

ఈ వారం వచ్చిన ఉత్తరం ఆరు పేజీలుంది. రాసినావిడ ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు, వయసు 43. పేరూ ఊరూ వేయవద్దన్నారు, వేయడం లేదు. ఉత్తరం మొత్తం ఇక్కడ పట్టదు కాబట్టి సారాంశం చెబుతాను. కొన్ని మాటలు మాత్రం ఆవిడవే ఉంచుతున్నాను.

ఆవిడ కుటుంబం 24 ఫ్లాట్లున్న ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటోంది. భర్త బ్యాంకు ఉద్యోగి. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. అదే బిల్డింగులో నాలుగో అంతస్తులో ఇంకో ఫ్లాటుంది. ఆవిడ తండ్రి పొలం అమ్మి ఇచ్చిన డబ్బుతో ఆవిడ పేరునే కొన్న ఫ్లాటు అది. అందులో అద్దెకున్నవాళ్ళు ఈమధ్యే ఖాళీ చేశారు. సరిగ్గా అప్పుడే ఆవిడ స్కూల్లో పనిచేసే లెక్కల టీచరు ఇల్లు వెతుక్కుంటున్నారు. ఇప్పుడున్న ఇంట్లో ఓనరు కొడుకు కాపురం పెడుతున్నాడట, నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. లెక్కల టీచరుకు భర్త, ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి ఏడో తరగతి, చిన్నవాడు మూడో తరగతి. వాళ్ళు ముస్లింలు.

“మా ఫ్లాటుండగా మీరెందుకు తిరగడం, రండి” అని పిలిచింది మన టీచరమ్మే. వాళ్ళిద్దరూ వచ్చి చూసుకున్నారు. నచ్చింది. పదివేలు అడ్వాన్సు ఇచ్చి, ఒకటో తారీఖున దిగుతామని చెప్పి వెళ్ళారు.

మూడో రోజున అసోసియేషన్ సెక్రటరీ నుంచి ఆవిడ భర్తకు ఫోను. “నాలుగో ఫ్లోరు వాళ్ళకిస్తున్నారట కదండీ. నాకు పర్సనల్‌గా ఏమీ లేదు. మిగతావాళ్ళు ఊరుకోరు. మన బిల్డింగులో ఇంతవరకూ వాళ్ళెవరూ లేరు. రేపు ఎవరైనా ఫ్లాటు అమ్ముకోవాలన్నా రేటు రాదు.” ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో ఎవరో, ఓనర్లు అద్దెకిచ్చేముందు తోటివారి మనోభావాలు కూడా చూసుకోవాలి అని పెట్టారు. కింద పదకొండు బొటనవేళ్ళు పడ్డాయి. అత్తగారు, “శ్రావణ శుక్రవారం పేరంటానికి ఇక మన గడప ఎవరు తొక్కుతారే?” అన్నారు. భర్త, “నాకేం పట్టింపు లేదు, కానీ నలుగురితో బతకాలి. మా తమ్ముడికి ట్రాన్స్‌ఫరయింది, వాడే దిగుతున్నాడని చెప్పి అడ్వాన్సు తిరిగిచ్చెయ్” అని ఉపాయం చెప్పారు.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఆవిడ ముఖం చూసే లెక్కల టీచరుకు అర్థమైపోయింది. ఉత్తరంలోంచే చెబుతాను: “ఏమైనా ఇబ్బందా మేడమ్? ఉంటే మొహమాటపడకుండా చెప్పేయండి, మాకు అలవాటే అంది. ఆ మాట అంటున్నంతసేపూ తను పరీక్ష పేపర్లు దిద్దుతూనే ఉంది. చేతిలో ఎర్ర పెన్ను ఒక్కసారి కూడా ఆగలేదు. అబ్బే, ఏం లేదు టీచర్ అనేసి నేను బెల్లు కొట్టకముందే క్లాసుకు వెళ్ళిపోయాను.”

ఉత్తరం చివర ఇలా ఉంది: “మా ఆయన ఆ అబద్ధం చెప్పమన్నప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఇది మీకు చెప్పకపోతే ఉత్తరం రాసీ దండగే. నేను మంచిదాన్నేనా? ఇప్పుడు నేనేం చెయ్యాలి?”

అమ్మా,

రెండు ప్రశ్నలడిగారు. మొదటిదాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మీరు మంచివారా కాదా అనేది తేల్చుకుంటూ కూర్చుంటే ఇల్లు వెతుక్కుంటున్న మనిషి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతుంది, మీ మనసు ముందుకొచ్చి కూర్చుంటుంది. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఆ క్షణం హాయిని మీరు దాచుకోలేదు. అలాంటి హాయి అనిపించనివాళ్ళు తక్కువ, అనిపించిందని ఒప్పుకునేవాళ్ళు ఇంకా తక్కువ. ఎందుకు హాయిగా అనిపించిందో తెలిస్తే మాత్రం మీకు పనికొస్తుంది. ఆ అబద్ధంలో దోషి ఎవరూ లేరు. మరిదిగారికి ట్రాన్స్‌ఫరైంది, అంతే. ఎవరూ ఎవరినీ కాదనలేదు. ఎవరి చేతికీ మసి అంటకుండా పని అయిపోతుంది.

మీ ఉత్తరంలో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో గమనించారా? సెక్రటరీగారు ‘నాకు పర్సనల్‌గా ఏమీ లేదు, మిగతావాళ్ళు ఊరుకోరు’ అన్నారు. మీవారు ‘నాకేం పట్టింపు లేదు, నలుగురితో బతకాలి’ అన్నారు. నాలుగో పేజీలో మీరు, ‘నాకైతే ఏ భేదమూ లేదు, మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు’ అని రాశారు. అత్తగారు కూడా తనకు ఇష్టం లేదని అనలేదు చూడండి, పేరంటానికి ఎవరొస్తారని అడిగారు. ఎవరికీ ఏమీ లేదు. అందరూ పక్కింటి తలుపు చూపిస్తున్నారు. చివరికి ఇల్లు దొరకనిది మాత్రం ఆ ఒక్క కుటుంబానికే. ఈ వివక్ష నడవడానికి ద్వేషం నిండిన మనుషులు ఊరినిండా ఉండనక్కర్లేదు. గట్టిగా మాట్లాడేవాళ్ళు ఇద్దరుంటే చాలు, ‘నాకేం లేదు’ అనేవాళ్ళు మిగతా ఇరవై రెండు ఫ్లాట్లలోనూ ఉంటే సరిపోతుంది. నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే, మిగతా అంతా దీని చుట్టూ తిరిగే మాటలే.

ఇది ఎదుటివాళ్ళకు పాఠంగా చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక స్నేహితుడూ కలిసి ఇల్లు వెతికాం. అతను ముస్లిం. ఒక సందులో టులెట్ బోర్డు చూసి గేటు తీశాం. ముందు అతనే మాట్లాడాడు. ఇంటావిడ నవ్వుతూ గదులు చూపించి, పంపులో నీళ్ళెప్పుడొస్తాయో కూడా చెప్పి, ఆఖర్న పేరడిగారు. అతను చెప్పాడు. తర్వాత ఒక రెండు క్షణాలు ఏ చప్పుడూ లేదు. “మా ఆయన్ని అడగాలి బాబూ, రేపు కనుక్కోండి” అన్నారు. మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళాను. నా పేరు, ఇంటిపేరు చెప్పాను. ఆవిడ లేచి వెళ్ళి గేటుకున్న బోర్డు దారం విప్పి లోపలికి తెచ్చేశారు. ఆ ఇంట్లో రెండేళ్ళున్నాను. నాకొక్కడికే ఎందుకిచ్చారని ఒక్కసారీ అడగలేదు. నా స్నేహితుడు ఒకటి రెండుసార్లు ఆ ఇంటికి వచ్చాడు, గుమ్మం దగ్గరే మాట్లాడి వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మని నేను పట్టుబట్టలేదు. ‘మాకు అలవాటే’ అన్న మాట మీరు విన్నారు. నేను వినలేదు, అతను అనలేదు కాబట్టి. అతని ముఖంలో చూసిందీ అదేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఇక మీ ఉత్తరంలో రెండో పేజీ గురించి. అది మొత్తం లెక్కల టీచరు ఎంత మంచిదో చెప్పడానికే సరిపోయింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు, చాలా శుభ్రం, సంక్రాంతి ముగ్గుల పోటీకి తనే జడ్జి, తెలుగు మనకంటే బాగా మాట్లాడుతుంది, ‘వాళ్ళలో ఇలాంటివాళ్ళు అరుదు’. ప్రేమతోనే రాశారు, సందేహం లేదు. కానీ దాన్ని ఇంకోసారి చదవండి. ఇంతకుముందు ఆ ఫ్లాటులో ఉన్నవాళ్ళ గురించి ఆరు పేజీల్లో ఒక్క సుగుణమూ లేదు. ‘ఖాళీ చేశారు’ అన్నారంతే. వాళ్ళు గట్టిగా మాట్లాడేవాళ్ళేమో, గోడలకు మేకులు కొట్టారేమో, మెయింటెనెన్సు ఆలస్యంగా కట్టేవాళ్ళేమో. వాళ్ళకు ఇల్లివ్వడానికి అద్దె సరిగ్గా కడతారా అన్న ఒక్క ప్రశ్న సరిపోయింది. ఈమెకు మాత్రం ఒక పేజీ నిండా శీల ధృవీకరణ పత్రం కావాల్సొచ్చింది. అందరిలాంటి మామూలు మనిషి, కాస్త కోపిష్టి, కాస్త బద్ధకస్తురాలు అయినా సరే అద్దె కట్టుకుని ఒక ఇంట్లో ఉండగలగాలి. ‘ఆమె మంచిది కాబట్టి’ అని మీరు అసోసియేషన్‌లో వాదన మొదలుపెడితే, రేపు వాళ్ళ చిన్నాడి బంతి తగిలి కారు అద్దం పగిలిన రోజున ఆ వాదన కూడా పగిలిపోతుంది. మిగతా పిల్లల బంతికి అలా కాదు.

‘అరుదు’ అన్న మాటకూడా వదిలేయండి. మీకు దగ్గరగా తెలిసిన ముస్లిం ఆమె ఒక్కతే అయితే అరుదో కాదో లెక్కెలా తేలుతుంది?

బిల్డింగువాళ్ళ అభ్యంతరాలు మూడు రాశారు: వంట వాసన, ఫ్లాటు రేటు, ‘ఇంతవరకూ లేరు’. వంట సంగతి త్వరగా తేలిపోతుంది. 2014 నాటి నమూనా రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతం మంది మాంసాహారులే. మీ 24 ఫ్లాట్లలో ఆదివారం మధ్యాహ్నం మెట్లెక్కితే ఏ అంతస్తులో ఏం ఉడుకుతోందో మీకు తెలుసు. మీ ఇల్లు నిజంగా శాకాహారుల ఇల్లయి, వచ్చేవాళ్ళెవరైనా సరే వండకూడదని మొదటినుంచీ అందరికీ షరతు పెట్టి ఉంటే అది వేరే చర్చ. మొన్నటిదాకా లేని షరతు ఒక పేరు విన్నాక పుట్టిందంటే అది వంట గురించి కాదు.

రేటు పడిపోతుందన్న భయం మాత్రం కొంచెం ఆగి చూడాల్సింది. ఒకరు భయపడి ఇంకొకర్ని భయపెడితే తప్ప అది నిజం అవ్వదు. అమెరికాలో ఒకప్పుడు దీన్నే వ్యాపారం చేసుకున్నారు. తెల్లవాళ్ళ వీధుల్లోకి బ్రోకర్లు వెళ్ళి, నల్లవాళ్ళు దిగుతున్నారు, ఇప్పుడే అమ్ముకోకపోతే ఇళ్ళకు విలువుండదని బెదిరించేవాళ్ళు. హడావుడిగా అమ్మినవాళ్ళ దగ్గర చవగ్గా కొని, ఎక్కడా ఇల్లు దొరకని నల్లవాళ్ళకే ఎక్కువ ధరకు అమ్మేవాళ్ళు. ఇటువాళ్ళు నష్టపోయారు, అటువాళ్ళు నష్టపోయారు, మధ్యవాడు బాగుపడ్డాడు. 1968లో అక్కడ వచ్చిన గృహ వివక్ష నిషేధ చట్టం ఇలా భయపెట్టి అమ్మించడాన్ని కూడా చట్టవిరుద్ధం చేసింది. మీ సెక్రటరీగారు బ్రోకరు కాదు, ఆయన భయం నిజమైనదే కావచ్చు. అయినా ఆయన్ని ఒక ప్రశ్న అడగవచ్చు: గత రెండేళ్ళలో మన బిల్డింగులో ఎన్ని ఫ్లాట్లు అమ్మకానికి పెట్టారు, కొనడానికి వచ్చినవాళ్ళలో అద్దెకున్నవాళ్ళ మతం అడిగినవాళ్ళెందరు?

‘ఇంతవరకూ లేరు’ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. అది అభ్యంతరం కాదు, జరిగినదాని వివరం. ఎందుకు లేరో మీ ఉత్తరమే చెబుతోంది.

మీవారు ఇంకో మాట అన్నారని రాశారు: “మనం అందరం కలిసిమెలిసే ఉంటాం, మన దగ్గర అలాంటి గొడవల్లేవు.” నిజమే, మన దగ్గర చూడముచ్చటైన కలయికలున్నాయి. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగప్పుడు ఎవరి మతం ఏదో అడగకుండా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉగాదినాడు దేవుని కడప గుడికి ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వస్తారు, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు కాబట్టి వెంకటేశ్వరస్వామి అల్లుడని. పల్లెల్లో పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ తిరిగేవాళ్ళలో చాలామంది హిందువులే. ఇవన్నీ నాకు చాలా ఇష్టం, కళ్ళారా చూసినవీ ఉన్నాయి. కానీ పండగ ఏడాదికి ఒకసారే. ఆ చెరువు గట్టు మీద రొట్టె అందుకున్న చేతే ఇంటికొచ్చి టులెట్ బోర్డు మీద షరతు రాయగలదు, రెండింటికీ మధ్య తేడా ఆ మనిషికి తెలియకపోవచ్చు కూడా. పండగ కలిసి చేసుకోవడం సులువు. ఒకే గోడకు అటూ ఇటూ ఉండటం, మోటారు వేసే వంతు దగ్గర పోట్లాడుకుని మర్నాడు లిఫ్టులో పలకరించుకోవడం, అక్కడుంది అసలు పరీక్ష. పల్లెల్లో అది ఇంకా కొంత మిగిలి ఉంది. అపార్ట్‌మెంట్లు కట్టుకున్నాక మనం దాన్ని పోగొట్టుకుంటున్నాం.

చట్టం ఏమంటుందని అడిగారు. నిరాశపరచక తప్పదు. రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ప్రభుత్వం వివక్ష చూపరాదంటుంది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల వంటి చోట్ల ఏ పౌరుణ్ణీ ఆపరాదనీ అంటుంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. అంటరానితనం పేరుతో ఒకర్ని ఒక చోట కాపురం ఉండనివ్వకపోవడం మాత్రం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. మతం కారణంగా ఇల్లివ్వకపోతే అడ్డుకునే అలాంటి ప్రత్యేక చట్టం దేశం మొత్తానికీ లేదు. ముస్లింల స్థితిగతుల మీద 2006లో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ, నచ్చిన చోట ఇల్లు కొనుక్కోవడం, అద్దెకు తీసుకోవడం వాళ్ళకెంత కష్టమవుతోందో రాసింది. వివక్ష ఫిర్యాదులు వినడానికి సమాన అవకాశాల కమిషన్ పెట్టమంది. అది రాలేదు. అంతకు ఏడాది ముందు, 2005లో, సుప్రీంకోర్టు అహ్మదాబాదులోని ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం పార్సీలకే అన్న బైలాను, అంటే సొసైటీ సొంతంగా రాసుకున్న నియమాన్ని, సమర్థించింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, లెక్కల టీచరుకు కోర్టు తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు. తెరవగలిగింది మీ తలుపే, ఆ ఫ్లాటు మీ పేరున ఉంది. మీ అసోసియేషన్ చేతిలో మాత్రం ఏముంది? ముందు బైలాస్ కాపీ అడిగి తీసుకుని మీరే చదవండి. ఓనరు అద్దెకివ్వడానికి ముందు ఎవరి అనుమతైనా తీసుకోవాలని అందులో రాసి ఉందా, ఉంటే దేనికి? పార్కింగు, మెయింటెనెన్సు, నీళ్ళు, లిఫ్టు, అద్దెకొచ్చేవాళ్ళ వివరాలు ఇవ్వడం వంటివి సాధారణంగా ఉంటాయి. ఫలానా మతంవాళ్ళకు ఇవ్వకూడదని లేకపోతే, సెక్రటరీగారు చెప్పింది ఆయన అభిప్రాయం, రూలు కాదు. ఒకవేళ అలాంటిదేదో రాసి ఉంటే ఆ కాగితం పట్టుకుని ఒక వకీలును కలవండి, మీరే నిర్ణయించేసుకోవద్దు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మీవారు చెప్పిన అబద్ధం ఒకటి. దానివల్ల ఇంట్లో, బిల్డింగులో శాంతి. కానీ మరిదిగారు రారు, ఫ్లాటు ఖాళీగా ఉండదు. రెండు నెలల్లో ఇంకెవరో దిగుతారు. ఒకే ఊళ్ళో, ఒకే స్కూల్లో ఉంటూ అది దాగదు. దాగాల్సిన అవసరం కూడా లేదు, ఆమెకిప్పటికే తెలుసు. ‘మాకు అలవాటే’ అన్నప్పుడు ఆమె మీకొక తప్పించుకునే దారి ఇచ్చింది. ఆ దారిలో వెళితే మీరు ఆమెను కాదన్నవాళ్ళలో ఒకరవుతారు. పైగా, ఏమీ జరగనట్టు మీతో టీ తాగే బరువు కూడా ఆమె మీదే పడుతుంది. రిటైరయ్యేదాకా అదే స్టాఫ్‌రూమ్‌లో మీరిద్దరూ కూర్చోవచ్చు. ఈ దారి నాకు నచ్చలేదు, దాచను.

రెండోది నిజం చెప్పి కాదనడం. ‘మా బిల్డింగువాళ్ళు ఒప్పుకోవడం లేదు, వాళ్ళతో నిలబడి పోట్లాడే ధైర్యం నాకు లేదు, క్షమించండి’ అని. వినడానికి దారుణంగా ఉంది. ఫలితం అదే, ఆమెకు ఇల్లు దొరకదు. అయినా మొదటిదానికంటే మేలు. తప్పు తనలో ఉందేమోనని ఆమె వెతుక్కోనక్కర్లేదు, మీరూ నటించనక్కర్లేదు. ఇది ఎంచుకుంటే ఒక పని చేయండి, అడ్వాన్సు తిరిగిచ్చి చేతులు దులుపుకోకుండా ఆమె ఇంకో ఇల్లు వెతుక్కోవడానికి తోడు తిరగండి. అక్కడి ఓనర్లకు మీరే మాటివ్వండి. ఇంకా ఒకటుంది, ‘ఏమీ అనుకోవద్దు’ అని మాత్రం అడగకండి. ఏమైనా అనుకునే హక్కు ఆమెకుంది.

మూడోది మాట మీద నిలబడటం. దీని ఖరీదు చిన్నదని మిమ్మల్ని మభ్యపెట్టను. కొన్నాళ్ళు లిఫ్టులో మాటలు ఆగిపోతాయి. పేరంటానికి ఇద్దరు ముగ్గురు రాకపోవచ్చు. మీవారు ముభావంగా ఉంటారు. మీరు భరించగలరా లేదా అన్నది మీకే తెలుస్తుంది. కానీ దీంట్లో మీరు ఇంతవరకు చూడని ఒక విషయముంది. ఈ ఖరీదులో ఎక్కువభాగం మీది కాదు, ఆమెది. వాచ్‌మన్ చూపు, మెట్ల మీద గుసగుసలు, కింద ఆడుకునే పిల్లలు ‘మా అమ్మ నీతో ఆడొద్దంది’ అంటే ఏడో తరగతి పిల్ల పైకొచ్చి అమ్మతో ఏం చెబుతుంది? అందుకే ఆమెకు చెప్పకుండా ఆమె తరఫున యుద్ధం మొదలుపెట్టకండి. ముందు ఆమెతో మాట్లాడండి. జరిగిందంతా, వాట్సాప్ బొటనవేళ్ళతో సహా చెప్పండి. ‘ఇల్లివ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను, ఇక్కడ పరిస్థితి ఇది, రావాలనుందా?’ అని అడగండి. వద్దంటే అది ఆమె నిర్ణయం, దాన్ని పిరికితనమనుకోవద్దు. వస్తానంటే అప్పుడు రెండు కుటుంబాలూ కలిసి నిలబడతాయి.

ఆమె వస్తానంటే జనరల్ బాడీ మీటింగు పెట్టించకండి. నలుగురి ముందు ఒకసారి ‘వద్దు’ అన్నవాడు మళ్ళీ వెనక్కి తగ్గలేడు. ఇంటింటికీ వెళ్ళండి, సాయంత్రం పూట, ఒక్కరే. బొటనవేలు పెట్టిన పదకొండుగురి సంగతి సరే, మీ రెండు ఫ్లాట్లూ, ఆ మెసేజ్ పెట్టినవాళ్ళూ పోను పెట్టనివాళ్ళు ఇంకా పది మంది ఉన్నారు. వాళ్ళ దగ్గరకు ముందు వెళ్ళండి. ‘ఒకటో తారీఖున మా కొలీగ్ దిగుతున్నారు, మీకు ముందే చెబుదామని వచ్చాను’ అనండి. అనుమతి అడగకండి, సమాచారం ఇవ్వండి, రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ పదిమందిలో ఒక్క ఇల్లాలు ‘మా అమ్మాయికి లెక్కలు చెబుతారేమో కనుక్కో’ అంటే చాలు, బిల్డింగంతా ఒకే మాట మీదుందన్న నమ్మకం అక్కడే సడలుతుంది. సెక్రటరీగారి దగ్గరకు ఆఖర్న వెళ్ళండి, అభ్యంతరమేమిటో లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. ఫోనులో చెప్పినంత సులువుగా ఆ వాక్యం కాగితం మీద సంతకంతో రాయడం కష్టం.

అగ్రిమెంటు మాత్రం ఇంతకుముందువాళ్ళకు రాసిన పదకొండు నెలలదే, అదే అద్దె, అవే షరతులు. తెలిసినవాళ్ళని ఒక్క రూపాయి తగ్గించకండి, బిల్డింగువాళ్ళ కోసం ఒక్క షరతు పెంచకండి. వాళ్ళు దిగాక రోజూ వెళ్ళి బాగున్నారా అని అడగకండి. ఎవరి ఇల్లు వాళ్ళకు ఇల్లులా ఉండాలి.

అత్తగారి గురించి కాస్త ఆగి మాట్లాడాలి. మీరు ఆవిడ మీద కోపంగా ఉన్నారు, ఉత్తరంలో తెలుస్తోంది. ఆవిడ భయం నాకు మతం గురించినదిగా కనబడలేదు. ఈ వయసులో ఆవిడకున్న లోకం ఆ బిల్డింగులోని నలుగురు స్నేహితురాళ్ళూ శ్రావణ శుక్రవారాలూనే. అది పోతుందేమోనని బెంగ. ‘అలా అనడం తప్పత్తయ్యా’ అంటే ఇంకా బిగుసుకుపోతారు. ‘పేరంటానికి ఎవరు రారంటారు, పేర్లు చెప్పండి, నేనే వెళ్ళి పిలుచుకొస్తాను’ అనండి. పేర్లు చెప్పేటప్పటికి ఇద్దరో ముగ్గురో తేలతారు, ఆ ఇద్దరు ముగ్గురి గుమ్మం ఎక్కాల్సిన పని మీది. మీరు చిన్నప్పటి ఊరి సంగతులు అడిగితే ఆవిడే చెబుతారేమో, వాళ్ళ పక్కింట్లో ఎవరుండేవాళ్ళో. ఆ తరంవాళ్ళలో చాలామందికి ఒక మస్తానమ్మో, ఒక హుస్సేను బాబాయో ఉంటారు.

మీవారితో మాత్రం వాదన పెట్టుకోకండి, ఒక్కటడగండి. వాళ్ళ బ్యాంకు ట్రాన్స్‌ఫర్లిస్తుంది. రేపు ఏ రాష్ట్రానికో వేస్తే, అక్కడ ఇంటి యజమాని మీ పేరు విని ‘మా భాషవాళ్ళకే ఇస్తాం’ అంటే ఆయనకెలా ఉంటుందని. ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట మనందరం మిగతావాళ్ళమే. ఆయన ఒప్పుకోవాలని లేదు. ఫ్లాటు మీ పేరున ఉంది కాబట్టి సంతకం మీది, కానీ ఆయనకు తెలియకుండా మాత్రం చేయకండి.

ఆమెతో ఎలా మొదలుపెట్టాలని అడిగారు. స్టాఫ్‌రూమ్‌లో వద్దు, అందరి ముందూ ఆమె నవ్వాల్సొస్తుంది. స్కూలు వదిలాక, పిల్లలు వెళ్ళిపోయాక, ఏ ఖాళీ క్లాసులోనో కూర్చోండి. ‘ఆరోజు మీరడిగితే ఏం లేదన్నాను టీచర్, ఉంది’ అని మొదలుపెట్టండి. తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి, రాకపోయినా ఫర్వాలేదు. ఆమెకు కోపం వస్తే రానివ్వండి. మళ్ళీ ‘ఫర్వాలేదు, మాకు అలవాటే’ అంటే, ‘ఆ అలవాటు నావల్ల ఇంకొంచెం పెరగడం నాకిష్టం లేదు’ అని చెప్పండి.

అది ఈ వారంలోనే జరగాలి. ఆమె నెలాఖరుకు ఖాళీ చేయాలని మీరే రాశారు. ఇల్లు ఉందన్న నమ్మకంతో ఆమె వెతకడం ఆపేసి ఉంటుంది. మీరు ఆలోచించుకోవడానికి తీసుకుంటున్న ప్రతి రోజూ ఆమె వెతుక్కోవాల్సిన రోజుల్లోంచి పోతోంది.